నిద్రగన్నేరు మీద నా అర్జీ

ఒక మంచి పని చేయబోయి, వీధి మొత్తాన్ని మే నెల ఎండలో నిలబెట్టబోయిన ఘనుణ్ణి నేను. బెంగాల్లో ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ, న్యూ సెటిల్‌మెంట్‌లో మా క్వార్టర్ల వరస వాళ్ళు ఇప్పటికీ నేను కనిపిస్తే ముందు నవ్వి, తర్వాత కుశలం అడుగుతారు. ఆ నవ్వు దేనికో మీకూ చెప్పేస్తాను. మీరూ నవ్వండి, ఫరవాలేదు. ఇన్నేళ్ళలో నాకు బాగా అలవాటైపోయింది.

ఎనభైల చివరి మాట. నాకప్పుడు ఇరవయ్యారేళ్ళు. రైల్వే ఆఫీసులో జూనియర్ క్లార్కు ఉద్యోగం, కొత్త పెళ్ళాం, కొత్త సైకిలు, కొత్తగా అలాట్ అయిన క్వార్టరు. ఇవన్నీ ఒకేసారి చేతికొచ్చిన మనిషికి లోకాన్ని బాగుచేయాలన్న దురద పుడుతుంది. నాకా దురద ఒక వారపత్రిక వల్ల అంటుకుంది. శ్రీకాకుళం నుంచి మా మామగారు అరటిపళ్ళు చుట్టుకొచ్చిన కాగితాలవి. భూగోళం వేడెక్కుతోందని, మనం కాల్చే బొగ్గూ చమురూ వల్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిపోతోందని అందులో రాశారు. పట్టణాల్లో చెట్లు పెంచితే అవి ఆ వాయువును కొంత పీల్చుకుంటాయని, నీడనివ్వడమే కాక ఆకుల్లోంచి తేమ వదిలి చుట్టూ గాలిని చల్లబరుస్తాయని కూడా రాశారు. చివరి పేజీ మాత్రం లేదు. బహుశా అది బొబ్బిలిలో ఇంకెవరి అరటిపళ్ళకో చుట్టుకుని ఉంటుంది. ఉన్నంతవరకూ నేను మూడుసార్లు చదివాను, నాలుగోసారి మా ఆవిడకు వినిపించాను.

"అయితే ఏటంటారు?" అంది కమల, చారు పోపు పెడుతూ.

"మన వీధిలో చెట్లు ఎయ్యాలంటాను."

"ఎయ్యండి. ముందు ఈ కుండలో నీళ్ళు పొయ్యండి" అంది.

మా వీధి సంగతి కాస్త చెప్పాలి. ఎదురెదురుగా ఆరేసి క్వార్టర్లు, మధ్యలో ఎర్రమట్టి రోడ్డు. ఇటుక గోడలు, పల్చటి కప్పు. ఏప్రిల్ వచ్చిందంటే పగలు కప్పు తాగిన ఎండంతా సాయంత్రం మా నెత్తిన వదిలేది. దానికి తోడు లోడ్‌షెడ్డింగ్. ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో, ఎప్పుడు ఆగుతుందో దానికే తెలియదు. ఇంత వీధికీ ఉన్నది ఒక్కటే చెట్టు, రమణమ్మ పిన్నిగారి గుమ్మం ముందు నిద్రగన్నేరు. నాటింది ఎవరో ఎవరికీ తెలియదు. గొడుగు విప్పినట్టు రోడ్డుకు ఆ పక్కనుంచి ఈ పక్కదాకా కొమ్మలు చాచి ఉండేది. కరెంటు పోగానే పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళూ బియ్యం చేటలతో, కూరగాయల బుట్టలతో దాని కిందకి వచ్చేసేవారు.

ఆ ఏడు దాని కింద ఒక కొత్త మనిషి చేరింది. రమణమ్మ పిన్ని కూతురు పార్వతి పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది. నెలకూడా నిండని పిల్ల, ఒళ్ళంతా చెమటకాయలు. ఇంట్లో పడుకోబెడితే గుక్కపట్టి ఏడ్చేది. నిద్రగన్నేరు వంగిన కొమ్మకు పాత చీరతో ఉయ్యాల కడితే రెండు ఊపులకే నిద్రపోయేది. పొద్దున్న పదినుంచి సాయంత్రం అయిదుదాకా ఆ పిల్లకు అదే ఇల్లు.

నేను ఈ విషయాన్ని శాస్త్రీయంగా తేల్చాలనుకున్నాను. ఇంట్లో ఉన్న థర్మామీటరు తీసుకుని ముందు మా వరండాలో పెట్టాను. పాదరసం పైకి పాకి చివర తగిలింది. తర్వాత చెట్టు కింద పెట్టి అయిదు నిమిషాలు చూశాను. పాదరసం అంగుళం కూడా దిగలేదు. భూగోళం గురించి పత్రిక వాళ్ళు రాసిందంతా తప్పేమోనని నాకు గుండె జారిపోయింది. అది జ్వరం చూసే థర్మామీటరని, విదిలిస్తే గాని దిగదని అప్పటికి తట్టలేదు. డిగ్రీ చదివినవాణ్ణే, ఏం చేస్తాం!

"ఏటి నాయనా, సెట్టుకి జొరమొచ్చిందా ఏటి?" అని అడిగింది రమణమ్మ పిన్ని.

"కాదు పిన్నీ, చెట్టు కింద ఎంత చల్లగా ఉందో చూస్తన్నాను."

"దానికి గాజు పుల్లెందుకు? నా ఈపునడుగు, అదే సెప్తాది. ఈ సెట్టు నేకపోతే నా మనవరాలు ఈ ఎండల్లో బతికి బట్టకట్టునా?"

సరే, పిన్నిగారి వీపు సాక్ష్యంగా నేను అర్జీ రాశాను. భూమి వేడెక్కుతున్న కారణంగా మా వీధి పొడుగునా ముప్పై మొక్కలు నాటించి, మేకలు తినకుండా వెదురు తడికలు కట్టించమని వర్క్స్ ఇన్‌స్పెక్టరుగారికి. క్వార్టర్ల గోడలు, కప్పులు, చెట్లు అన్నీ ఆయన కిందకే వస్తాయి. రెండు పేజీల ఇంగ్లీషు. నా జన్మలో అంత మంచి ఇంగ్లీషు మళ్ళీ రాయలేదు. నెల తర్వాత జవాబు వచ్చింది. "వేడి ఈ సెక్షనుకు సంబంధించినది కాదు. ఎలక్ట్రికల్ వారికి పంపడమైనది." ఇంకో పదిహేను రోజులకు ఎలక్ట్రికల్ వారి జవాబు. "సదరు క్వార్టరులో ఫ్యాను కలదు. తిరుగుచున్నది."

ఆ కాగితం పట్టుకుని మా హెడ్‌క్లార్కు భీమేశ్వరరావుగారి దగ్గరకు వెళ్ళాను. ముప్పై ఏళ్ళ సర్వీసు. ఆయన చేయి పడితే ఫైలు లేచి నడుస్తుందని ఆఫీసులో పేరు. అర్జీ మొదటినుంచి చివరిదాకా చదివి కళ్ళద్దాలు తీశారు.

"ఏటోయ్ శంకర్రావూ, ఇందులో ఒక్క తప్పూ నేదు. అదే తప్పు."

"అదేటి మేస్టారూ?"

"రైల్వేలో బాగున్నదాని జోలికి ఎవడొస్తాడోయ్? రైలు పట్టా బాగుంటే ఎవడైనా సూస్తాడా? పగిలిందంటే పరిగెట్టుకొస్తాడు. డేంజర్ అనీసి రాయి. ప్రాణానికి డేంజర్, ఆస్తికి డేంజర్. మర్నాడే కదుల్తారు."

"దేనికి డేంజరని రాయమంటారు?"

"ఏదో ఒకటి రాయి. అది నీ తెలివి" అని టీ తాగడానికి వెళ్ళిపోయారు.

నా తెలివికి వదిలేశారు చూశారూ, ఆయన చేసిన పొరపాటు అదొక్కటే. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. మా వీధిలో ప్రాణానికి ప్రమాదం ఏముంది? పాములేదు, ట్రాన్స్‌ఫార్మరు లేదు, గొయ్యిలేదు. ఎదురుగా నిద్రగన్నేరు నిలబడి ఉంది. దానిమీంచి ఎండుకాయ ఒకటి రాలి నా భుజం మీద పడింది. అంతే, నా కలానికి పూనకం వచ్చింది. ఇంగ్లీషులో రాసిందాన్ని తెలుగులో చెబుతున్నాను, వినండి. "మా వీధిలో గల ఏకైక వృక్షము లోపల డొల్లయై, ఒక పక్కకు ఒరిగి, ఏ క్షణమునైనను కూలి ప్రాణనష్టము కలిగించునట్లున్నది. నిన్ననే ఒక కొమ్మ నా తలకు వెంట్రుకవాసిలో పడినది. వృక్షము కూలిన పిమ్మట వీధికి నీడ ఉండదు. కావున దానికి బదులుగా ముప్పై మొక్కలు వెంటనే నాటించవలెను." కింద "ప్రాణభయముతో, తమ విధేయుడు" అని సంతకం పెట్టాను. పెట్టి, మురిసిపోయి, కమలకు కూడా చూపించాను.

"సెట్టు బాగానే ఉంది కదండీ" అంది.

"ఆఫీసు పద్ధతులు నీకు తెలీవు" అన్నాను. ఆ మాట నేనన్నట్టు ఆవిడ నాకు ఇప్పటికీ గుర్తుచేస్తూ ఉంటుంది.

భీమేశ్వరరావుగారు అన్నది అక్షరాలా నిజమైంది. సోమవారం అర్జీ ఇస్తే గురువారం పదకొండింటికల్లా మనుషులు దిగారు. ఆ రోజు నాకు సెలవు. మొక్కలొచ్చాయనుకుని బయటికి పరిగెత్తాను. మొక్కలు లేవు. నలుగురు మనుషులు, రెండు గొడ్డళ్ళు, ఒక పెద్ద రంపం, మోకులు. వాళ్ళ మేస్త్రీ ముకద్దం జేబులోంచి కాగితం తీసి చదివాడు. ప్రమాదకరమైన చెట్టును తక్షణం తొలగించాలి. మొక్కల విషయం వీలునుబట్టి తర్వాత పరిశీలించబడును.

రమణమ్మ పిన్ని అప్పటికే చెట్టుకు అడ్డంగా నిలబడింది.

"ఎవులిచ్చినారు ఆర్డరు? ఈ సెట్టు మీకేటి సేసింది?"

"ఆర్డర్ హై, మౌసీ" అన్నాడు ముకద్దం. "రావు బాబు అర్జీ పెట్టినాడు. సెట్టు పడిపోతాదనీసి."

ఇక్కడ దేవుడు నన్ను కాసేపు కాపాడాడు. మా పన్నెండు ఇళ్ళలో తొమ్మిది మంది రావులం. అప్పారావుగారు సూర్యారావు వైపు చూశారు. సూర్యారావు నరసింగరావు వైపు చూశాడు. నేను ఆకాశంవైపు చూశాను.

"ఏ రావో ఆడి సేతులు పడిపోనూ!" అంది పిన్ని.

"పడిపోనూ!" అని నేను కూడా అన్నాను. అంతటి ధైర్యవంతుణ్ణి.

ముకద్దం మంచివాడే. ముందు ఉయ్యాల విప్పుకోమన్నాడు. పార్వతి పిల్లను తీసుకుని లోపలికి వెళ్ళింది. కరెంటు లేదు. రెండు నిమిషాల్లో లోపలినుంచి ఏడుపు మొదలైంది. విసనకర్ర చప్పుడు, పార్వతి బుజ్జగింపు, వాటన్నిటిమీదా ఆ పిల్ల గొంతు. అంత చిన్న ప్రాణానికి అంత గొంతు ఎక్కడిదో! నాకు నిజంగా సిగ్గేసింది. భూగోళాన్ని చల్లబరుద్దామని బయలుదేరి, ఒక పసిగుడ్డు నెత్తిమీద నీడ తీసేయించాను. ఇక ఆగలేకపోయాను.

"పిన్నీ, ఆ రావుని నేనే."

పిన్ని నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వా? మొన్న మొన్నటిదాకా సెట్టు సల్లగుంటాదనీసి గాజు పుల్ల పట్టుకు తిరిగినావు కదా నాయనా?"

"మరిన్ని చెట్లు ఏయిద్దామనీసి రాసినాను పిన్నీ."

"మరిన్ని ఏయించడానికి ఉన్నదాన్ని కొట్టించేస్తావా? సదువుకున్నోడివి. ఇలాటివి మాకు తోచవు నాయనా." ఆ మాటలో కోపం కంటే జాలి ఎక్కువ ఉంది. కోపమే నయం అనిపించింది. తర్వాత చీర కొంగు బిగించింది. "సర్లే, ఎల్లు. ఆ ఆర్డరు ఎక్కడ రాసినారో అక్కడే సెరిపించుకురా. ఈల్లని నేను సూసుకుంటాను."

వెనక్కి తిరిగి ముకద్దంతో, "ఓ నాయనా, ఎండలో నడిసొచ్చినారు. ముందు కూకోండి. మజ్జిగ తెస్తాను" అంది.

నేను సైకిలెక్కాను. ఆఫీసుదాకా దారి పొడుగునా ఒక్క చెట్టు లేదు. తారు మెత్తబడి చక్రాలను పట్టుకుంటోంది. హ్యాండిలు ముట్టుకుంటే అరచేయి కాలుతోంది. పత్రికలో రాసినదంతా ఆ మైలున్నర దూరంలో నా వీపుమీద ఇంకోసారి అచ్చయింది. ఈ నలుగురూ రంపం పెట్టేలోగా చేరగలనా అన్నదొక్కటే నా భయం.

వర్క్స్ ఇన్‌స్పెక్టరు ఘోష్ బాబు మా తెలుగువాళ్ళ మధ్య పాతికేళ్ళు పనిచేసి మా తెలుగు మాకంటే బాగా మాట్లాడేవారు.

"బోలో రావు బాబు, ఏటి ఇలా తడిసిపోయినారు?"

"సార్, ఆ చెట్టు పడదు సార్."

"ఆరే బాబా! పడతాదనీసి మీరే రాసినారు కదా?"

"అప్పుడు పడేటట్టుంది సార్."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నిలబడింది సార్."

ఘోష్ బాబు ఫైలు తెరిచి, నా అర్జీ మీద వేలుపెట్టి చదివారు. "సోమవారం డొల్ల. గురువారం గట్టి. ఈ మధ్యలో ఏ మందు పోసినారు దానికి?"

నేను నేల చూశాను. ఆయన గొంతు మారింది. "రావు బాబు, సర్కారీ కాగితం మీద అబద్ధం రాసినారా? అది చాలా పెద్ద తప్పు."

ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కాలేదు. అప్పుడు నా బుర్రకు మహత్తరమైన జవాబు ఒకటి తట్టింది.

"అబద్ధం కాదు సార్. భయం. చెట్టు కింద నిలబడితే నాకు ఊరికే భయమేస్తాది. ఆ భయంలో డొల్లలాగ కనిపించింది."

"భయమా?" ఆయన కలం తీశారు. "ఠీక్ ఆఛే. అర్జీదారుడికి భయం అనీసి రాసుకుంటన్నాను." రాసుకున్నారు. నేను గండం గడిచిందనుకున్నాను. "పదండి, సూద్దాం" అంటూ టోపీ తీసుకున్నారు.

మేం వీధిలోకి వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. చెట్టు నిలబడే ఉంది. దాని కింద ముకద్దం, ముగ్గురు మనుషులు వరసగా చాపమీద పడుకుని గుర్రుపెడుతున్నారు. రంపం గోడకు ఆనించి ఉంది. ఉయ్యాల మళ్ళీ కొమ్మకెక్కింది. అందులో పిల్ల కూడా నిద్ర. రమణమ్మ పిన్ని ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, ఇంకో చేత్తో ముకద్దానికి విసురుతోంది.

"ఏయ్, ఉఠో!" అని ఘోష్ బాబు అరవబోయారు. పిన్ని నోటిమీద వేలేసింది.

"మెల్లగా బాబూ, పిల్ల లేస్తాది."

ఆయన గొంతు తగ్గించేశారు. తనిఖీ మొదలైంది. క్యారేజి సెక్షనులో పనిచేసే సూర్యారావు, బండి ఆగినప్పుడు చక్రాలు కొట్టి చూసే సుత్తి తెచ్చి ఇచ్చాడు. ఘోష్ బాబు చెవి మానుకు ఆనించి, పిల్ల లేవకుండా మెల్లగా కొట్టారు.

"టంగ్ అనడం నేదే" అన్నారు.

"సెక్క కదండీ, అనదు" అన్నాడు సూర్యారావు.

చుట్టూ తిరిగి చూశారు. డొల్ల లేదు, పగులు లేదు, చెదలు లేదు. తిరిగేసరికి అలిసిపోయి నులకమంచం మీద కూర్చున్నారు. పిన్ని అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ పెద్ద గ్లాసుతో ఇచ్చింది. "బా! ఏం హవా, ఏం గాలి!" అన్నారు. ఇంకో గ్లాసు తాగారు. ఫైలు గుండెలమీద పెట్టుకుని, రిపోర్టు ఎలా రాయాలో ఆలోచిస్తానని కళ్ళు మూసుకున్నారు. అలా ఆలోచిస్తూ మూడున్నరదాకా గురక పెట్టారు. మేం పన్నెండిళ్ళవాళ్ళం చుట్టూ నిలబడి, పసిపిల్లకు కాసినట్టు ఆయన నిద్రకు కాపలా కాశాం.

ఆయన లేవగానే పిన్ని నీళ్ళ చెంబు అందించింది. "రెండుగంటలు పడుకున్నారు బాబూ. పడిపోయే సెట్టే అయితే మీమీదే పడును కదా?"

ఘోష్ బాబు గడియారం చూసుకుని, మెడ తడుముకుని, మోకాలిమీదే రిపోర్టు రాశారు. చెట్టు పటిష్ఠంగా ఉన్నది, తనిఖీ అధికారి స్వయంగా రెండుగంటలపాటు దాని కింద ఉండి పరీక్షించెను. రంపం, మోకులు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. పార్వతి కళ్ళు తుడుచుకుంది. రమణమ్మ పిన్ని నాకు కూడా ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చింది. అంత రుచైన మజ్జిగ నేను మళ్ళీ తాగలేదు. కథ ఇక్కడితో అయిపోయిందని మీరనుకుంటున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

పదిరోజుల తర్వాత ఆఫీసు కవరు వచ్చింది. కమల చింపి చదివింది, రెండోసారి చదివింది, మంచం మీద కూర్చుంది.

"ఏటండీ, ఇదేటి? మనల్ని ఇల్లు మారమంటన్నారు."

నేను లాక్కుని చదివాను. "వృక్షము వలన వీధివారికి ఎట్టి ప్రమాదమూ లేదు. అయితే అర్జీదారునికి వృక్షముల వలన ప్రాణభయము కలదని ఫైలులో నమోదైనందున, ఆయన క్షేమము దృష్ట్యా, చెట్టుచేమలు ఏవియు లేని కొత్త వరుసకు మార్చడమైనది."

అదే సైకిలుమీద, అదే ఎండలో, ఘోష్ బాబు దగ్గరకు పరిగెత్తాను.

"సార్, నాకిప్పుడు భయం పోయింది సార్!"

ఆయన చాలా ప్రేమగా నా భుజంమీద చేయి వేశారు. "రావు బాబు, ఫైలు మూసెయ్యాలి కదా? ఏదో ఒకటి కదిలితేనే మూస్తారు. సెట్టు కదల్దు. మీరు కదుల్తారు."

కదిలాం. మా సామానంతా ఒక ఠేలా బండిమీద పట్టింది. రమణమ్మ పిన్ని మనవరాలిని ఎత్తుకుని వీధి చివరిదాకా వచ్చింది. "ఏటీ అనుకోకు నాయనా, పగలంతా ఇక్కడికే వచ్చీండి" అంటూ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. కొత్త వరస నిజంగానే ఆర్డరులో రాసినట్టే ఉంది. కనుచూపుమేర మైదానం. కమల గుమ్మంలో నిలబడి నలువైపులా చూసింది.

"ఇక్కడ మీ ప్రాణానికి ఏ డోకా నేదు. కాకి వాలదామన్నా కొమ్మ నేదు" అంది.

ఆ ఎండాకాలమంతా నేను భూగోళం మాట ఎత్తలేదు. వానలు పడగానే పక్క పేట మలంచాలో తెలిసినవాళ్ళ పెరళ్ళు తిరిగి వేపమొక్కలు, కానుగమొక్కలు తవ్వి తెచ్చుకున్నాను. అర్జీ పెట్టకుండా, ఎవరినీ అడక్కుండా, స్నానాల నీళ్ళు మోసి పెంచాను. తొంభైల మధ్యకు వచ్చేసరికి ఆ వరసలో కూడా కరెంటు పోతే జనం బయటికొచ్చి కూర్చునే నీడ ఏర్పడింది. వాటి కింద కూర్చుని కమల బియ్యం ఏరుతుంటే చూడడం నాకు చాలా సంతోషంగా ఉండేది. ఆ మాట మాత్రం ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెట్ల కింద దొరికిపోతే ఇంకెక్కడికి మారుస్తారో!

అందుకని, సూర్యచంద్రుల సాక్షిగా, ఘోష్ బాబుగారి ఫైలు సాక్షిగా నేనొక ప్రతిజ్ఞ చేశాను. జన్మలో ఏ అర్జీలోనూ ప్రాణభయం అన్నమాట రాయను. ఆ ప్రతిజ్ఞ ఎంత గట్టిదంటే, తర్వాత ఒక వానాకాలం మా స్నానాలగదిలో నాగుపాము దూరి పడగ విప్పి కూర్చున్నప్పుడు కూడా, నేను మంచం మీదకెక్కి నిలబడి ఆఫీసుకు ఇలా రాశాను: "స్నానాలగదిలో పొడవైన ప్రాణి ఒకటి కలదు. ఆరోగ్యముగా ఉన్నది. దాని వలన నాకు ఎట్టి భయమూ లేదు. తమకు తీరికైనప్పుడు వచ్చి చూడగలరు."